గుత్తి పేరు, నల్లమల ఊరు: నీలి సాలీడు కథ



వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, పొడుపుకథలు, పాత జ్ఞాపకాలు ఎలాగూ ఉంటాయి. ఈసారి మేము ఒక ప్రాణి గురించి రాద్దామనుకున్నాం. పులి, నెమలి, ఏనుగు అయితే పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నాయి. మేము ఎంచుకున్నది సాలీడు. నవ్వకండి. ప్రపంచంలో అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న సాలీళ్లలో ఒకదానికి మనకు గంట ప్రయాణం దూరంలో ఉన్న గుత్తి పేరు ఉంది. అది బతికే అడవి మన డోన్ నుంచి నంద్యాల మీదుగా పోయే రైలుమార్గం మీదే ఉంది. లండన్‌లో, న్యూయార్కులో సాలీళ్లు పెంచుకునేవాళ్లకు గుత్తి అనే మాట తెలుసు. మనలో ఎంతమందికి ఈ సాలీడు తెలుసు?

ముందు అది ఎలా ఉంటుందో చెబుతాం. మన గోడల మీద తిరిగే సాలెపురుగులా చిన్నది కాదు. కాళ్లు చాపితే పెద్దవాళ్ల అరచెయ్యి నిండేంత, ఒక్కోసారి అంతకన్నా పెద్దది. ఒంటినిండా నూగు. రంగు నీలం. అదీ మామూలు నీలం కాదు, ఉక్కు మీద వెలుతురు పడితే మెరిసినట్టు మెరిసే నీలం. దాని మీద ఎవరో ఓపికగా ముగ్గు వేసినట్టు తెల్లని గీతలు, కాళ్ల మీద అక్కడక్కడ పసుపు మచ్చలు. పిల్లలుగా ఉన్నప్పుడు రంగు అంతగా ఉండదు, పెరిగేకొద్దీ తేలుతుంది. శాస్త్రీయ నామం పొయిసిలోథీరియా మెటాలికా. లోహంలా మెరుస్తుంది కాబట్టి మెటాలికా. ఈ పొయిసిలోథీరియా కుటుంబం వాళ్లందరూ భారతదేశంలోను, శ్రీలంకలోను మాత్రమే ఉంటారు. మిగతా అన్నదమ్ములు ఎక్కువగా నలుపు, బూడిద, గోధుమ రంగుల్లో ఉంటారు. నీలం వచ్చింది మనవాడికే.

దీనికి పేరు పెట్టింది రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త, 1899లో. ఆయన లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో సాలీళ్లు, తేళ్ల విభాగంలో పనిచేసేవాడు. మన దేశపు సాలీళ్లు, తేళ్ల మీద 1900లో పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. ఆయన గుర్తుంటే మంచిది, ఈ వ్యాసంలో మళ్లీ వస్తాడు. ఆయన చేతికి వచ్చిన నమూనా దొరికింది గుత్తిలో, రైల్వేవాళ్లు కలప దుంగలు పేర్చిన యార్డులో. శాస్త్రంలో ఒక ఆచారం ఉంది. ఒక జాతిని మొదటిసారి వర్ణించేటప్పుడు నమూనా ఎక్కడ దొరికిందో రాయాలి. ఆ విధంగా గుత్తి ఊరి పేరు ఈ సాలీడుకు శాశ్వతంగా అంటుకుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ తర్వాత గుత్తి చుట్టుపక్కల ఈ సాలీడు కనిపించలేదు. గుత్తి సంగతి మనకు తెలియనిది కాదు. కోట, బండలు, తుమ్మచెట్లు, శెనక్కాయ పొలాలు. ఈ సాలీడేమో ఎత్తైన మానుల తొర్రల్లో బతికేది. అలాంటి మానులు అక్కడ ఏవి? నూరేళ్లకు పైగా దీని జాడ తెలియలేదు. మ్యూజియం సీసాలో ఉన్నది తప్ప ఇంకొకటి లేదేమో అనుకున్నారు. చివరికి 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమల అడవిలో బతికి ఉన్న సాలీళ్లు దొరికాయి. గుత్తికి అది దాదాపు నూరు కిలోమీటర్లు!

మరి 1899లో గుత్తికి ఎలా వచ్చింది? శాస్త్రజ్ఞులు అనుకునేది ఏమిటంటే, రైలెక్కి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో గుంతకల్లు నుంచి డోన్, నంద్యాల, గిద్దలూరు మీదుగా బెజవాడ వైపు రైలుమార్గం వేశారు. నల్లమలను చీల్చుకుంటూ పోయిన ఆ మార్గం మీద బొగద సొరంగం, దొరబావి వంతెన కట్టారు. మీటరుగేజి పోయి పెద్ద లైను వచ్చాక ఆ వంతెన వాడకం ఆగిపోయింది. దాన్ని చూసిన అన్నలు మనలో ఉండే ఉంటారు. రైలు వచ్చిన చోట కలపకు గిరాకీ పెరుగుతుంది. పట్టాల కింద వేసే స్లీపర్లకు కలప, వంతెనలకు కలప, ఇళ్లకు కలప. నల్లమలలో కొట్టిన దుంగను బండిలో వేస్తే, దాని తొర్రలో ముడుచుకుని ఉన్న సాలీడు కూడా దాంతోపాటే ప్రయాణం చేసి ఉంటుంది. అలా వచ్చి ఉంటే, ఆ బండి గుంతకల్లు వైపు పోతూ మన డోన్ స్టేషన్ దాటే పోయి ఉండాలి. ఈ మాట తెలిసినప్పటి నుంచి మాకు ఆ సాలీడు మీద కాస్త బంధుప్రీతి కలిగింది.

అంటే దాని పేరు గుత్తి, అసలు ఊరు నల్లమల. ఆ ఊరైనా ఎంత? ఐ.యు.సి.ఎన్. అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ 2008లో వేసిన అంచనా ప్రకారం ఈ సాలీడు ఉన్న చోటు నూరు చదరపు కిలోమీటర్ల లోపే. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు అనుకోండి. పొద్దున బయలుదేరినవాడు మధ్యాహ్నం భోజనం వేళకు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచిపోవచ్చు. చుట్టుపక్కల అడవుల్లో కూడా వెతికారు, కనబడలేదు. ఉన్న ఆ కాస్త అడవి కూడా బాగా దెబ్బతిన్నదని అదే సంస్థ రాసింది. అందుకే దీన్ని ఎర్ర జాబితాలో 'అంతరించే ప్రమాదం అతి తీవ్రం' అనే మెట్టు మీద పెట్టారు. దాని తర్వాత ఇంక రెండే మెట్లు. ఒకటి 'అడవిలో లేదు, మనుషుల పెంపకంలో మాత్రమే ఉంది'. రెండోది 'ఎక్కడా లేదు'.

సముద్రంలో దీవి ఉన్నట్టే నేల మీద కూడా దీవులు ఉంటాయని మేము తెలుసుకున్నాం. మ్యాపు తీసి నల్లమలను చూడండి. పడమట నంద్యాల మాగాణి, కె.సి. కాలువ కింద వరిమళ్లు. తూర్పున గిద్దలూరు, కంభం పొలాలు. పొలాల మధ్య నిలబడ్డ అడవి సాలీడుకు దీవే. పక్షి అయితే ఎగిరిపోతుంది, చిరుత అయితే రాత్రికి రాత్రి పొలాలు దాటుతుంది. చెట్టు తొర్రలో పుట్టి, ఆ పక్క చెట్టు దాకా పాకడమే పెద్ద ప్రయాణమైన ప్రాణి ఎక్కడికి పోతుంది? పైగా అడవి అంతా దానికి పనికిరాదు. తొర్ర ఉన్న మాను కావాలి. అంటే ఆ దీవిలో మళ్లీ చిన్న చిన్న దీవులు.

తొర్ర గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పచ్చగా, నిటారుగా పెరిగే పడుచు చెట్టుకు తొర్ర ఉండదు. ఎప్పుడో గాలివానకు ఒక కొమ్మ విరుగుతుంది. విరిగిన చోట నీరు దిగుతుంది, బూజు పడుతుంది, చెదలు వస్తాయి. లోపలి చేవ మెల్లమెల్లగా పుచ్చి గుల్ల అవుతుంది. పైన చెట్టు మాత్రం బతికే ఉంటుంది, ఆకు వేస్తూనే ఉంటుంది. ఇదంతా జరగడానికి కొన్ని పదుల ఏళ్లు పడుతుంది. టేకో, నల్లమద్దో ఈరోజు ఒక మొక్క నాటితే అది తొర్ర వేసే వయసుకు వచ్చేసరికి మా మనవలు ఈ హాస్టల్ వయసు దాటి ఉంటారు. వనమహోత్సవం రోజున మేమూ మొక్కలు నాటుతాం, సంతోషమే. కానీ నూరు మొక్కలు నాటినా అవి కొట్టేసిన ఒక ముసలి మానుకు సాటిరావు, ఈ సాలీడు లెక్కలో అయితే అసలే రావు. కలప వ్యాపారికి తొర్ర మాను పనికిరానిది, పలకకు రాదు, దూలానికి రాదు. పనికిరానిది కాబట్టి ముందు కట్టెల కిందికి పోయేది అదే.

తొర్రలో ఈ సాలీడు గొట్టంలాంటి గూడు అల్లుకుంటుంది. పగలంతా లోపలే. వెలుతురు అంటే దానికి పడదు. చీకటి పడ్డాక తొర్ర మొహం దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. ఎగిరే పురుగు దగ్గరికి వస్తే కళ్లు మూసి తెరిచేలోపు పట్టేస్తుంది. ఆడది పన్నెండేళ్ల దాకా బతుకుతుంది. మగదానికి మూడు నాలుగేళ్లే ఆయుష్షు. మగది వయసుకు వచ్చాక ఇల్లు వదిలి ఆడదాన్ని వెతుక్కుంటూ చెట్టూ పుట్టా తిరుగుతుంది. చెట్ల మధ్య ఎడం పెరిగేకొద్దీ ఆ వెతుకులాట కష్టమైపోతుంది. తొర్రలు తక్కువగా ఉన్నచోట చాలా సాలీళ్లు ఒకే తొర్రలో సర్దుకుని బతుకుతాయట. సాలీళ్లలో ఇది విడ్డూరం, చాలా జాతులు ఒకదాన్నొకటి తినేస్తాయి. ఒకే గదిలో ట్రంకుపెట్టెలు ఆనించి పడుకునే మాకు ఈ సంగతి చదివితే నవ్వొచ్చింది.

ఇక ఆ నీలం. పూలలోను, బట్టలకు వేసే అద్దకాల్లోను రంగు పదార్థం ఉంటుంది. దాన్ని నూరితే రంగు వస్తుంది. ఈ సాలీడు నూగును నూరితే నీలం రాదు. ఎందుకంటే అందులో నీలిరంగు పదార్థమే లేదు! నూగులో కంటికి ఆనని అతి సన్నని పొరలు, గదులు ఉంటాయి. వెలుతురు వాటిమీద పడినప్పుడు నీలికాంతి మాత్రమే బలపడి మన కంటికి తిరిగి వస్తుంది. నెమలి పింఛం మెరిసేది ఇలాగే, సబ్బు బుడగ మీద రంగులు ఆడేది ఇలాగే. వాన పడ్డప్పుడు బస్టాండులో నీటిగుంట మీద డీజిలు తెట్టు రంగులు చిమ్మడం అందరూ చూసే ఉంటారు. అక్కడా అంతే, రంగు లేదు, పలచని పొర ఉంది. 2015లో శాస్త్రజ్ఞులు రకరకాల పెద్ద సాలీళ్లను పోల్చి చూసి, ఈ జాతుల వంశవృక్షంలో నీలం కనీసం ఎనిమిదిసార్లు వేరువేరుగా పుట్టిందని చెప్పారు. రాత్రి తిరిగే ప్రాణికి ఇంత అందం ఎందుకు? ఈ సాలీళ్లలో రంగు గుర్తించే జన్యువులు పనిచేస్తున్నాయని 2020లో మరో పరిశోధన చెప్పింది. కాబట్టి ఒకదాని నీలం ఇంకొకటి చూస్తుందేమో. ఎందుకన్నది మాత్రం ఇంకా తేలలేదు. సైన్సు గ్రూపు తీసుకునే తమ్ముళ్లు ఎవరైనా తేల్చవచ్చు.

కరిస్తే చస్తామా అని మాలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. చావరు. ఈ సాలీడు కాటుతో మనిషి చనిపోయినట్టు ఎక్కడా నమోదు కాలేదు. అలాగని చేత్తో పట్టుకోమని కాదు. విషం ఉంది. కరిస్తే విపరీతమైన నొప్పి, చెమటలు, కండరాలు పట్టేయడం, ఆ పట్టేసే బాధ రోజుల తరబడి కూడా ఉండవచ్చు. ఆసుపత్రికి పోవాల్సిందే, మంత్రాలకు కాదు. కానీ దాని గుణం కరవడం కాదు, పారిపోవడం. వెలుతురు పడగానే తొర్రలోకి దూరుతుంది. దారి లేనప్పుడు ముందుకాళ్లు పైకెత్తి పసుపు మచ్చలు చూపించి బెదిరిస్తుంది. కరవడం అన్నిటికన్నా ఆఖరు మాట.

మన రాయలసీమవాళ్లకు సాలీడు పరాయిది కాదు. శ్రీకాళహస్తి పేరులో శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. శివలింగం మీద ఎండ పడకుండా సాలీడు గూడు అల్లిందని, దాని భక్తికి శివుడు మెచ్చాడని కథ. పాముకు, ఏనుగుకు కన్నా ముందు పేరు చెప్పేది సాలీడుకే. మరి అదే సాలీడు ఇంట్లో కనబడితే చీపురు కోసం చూస్తాం. ఇది మాకు వింతగానే ఉంటుంది.

ఈ నీలి సాలీడుకు వచ్చిన ముప్పు రెండు వైపుల నుంచి. ఒకటి చెట్లు కొట్టడం, కట్టెలు తేవడం. రెండోది సాలీళ్లనే పట్టుకుపోవడం.

కట్టెల సంగతి మాట్లాడేటప్పుడు మాకు కొంచెం బాధగా ఉంటుంది. చాలా వ్యాసాల్లో 'ప్రజలు అడవిని నాశనం చేస్తున్నారు' అని ఒక్క ముక్కలో రాసేస్తారు. ఆ ప్రజలు ఎవరు? తెల్లవారక ముందే లేచి, అడవికి పోయి, నెత్తిమీద మోపు పెట్టుకుని, మైళ్లు నడిచి ఊళ్లో అమ్ముకుని ఆ పూట బియ్యం కొనుక్కునే అమ్మలు. మా ఇళ్లల్లోను, మా బంధువుల ఇళ్లల్లోను ఆ మోపు మోసినవాళ్లు ఉన్నారు. పాత అన్నలకు హాస్టల్ వంటగదిలో కట్టెల పొయ్యి, పొగకు కళ్లు మండటం గుర్తుండే ఉంటాయి. ఆ కట్టెలు కూడా ఏదో ఒక అడవి నుంచి వచ్చినవే. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. తర్వాత 2016 నుంచి కేంద్రం ఉజ్వల పథకం పెట్టింది. పొయ్యి మారితే అడవి మీద భారం తగ్గుతుంది, నిజమే. కానీ సిలిండరు నింపుకునే డబ్బు లేనినాడు మళ్లీ కట్టెలే దిక్కు. మోపు మోసే మనిషిని దొంగ అనడం మాకు మనసొప్పదు. ఎండిన పుల్లలు ఏరుకునే మనిషికీ, రంపం పెట్టి మాను కోసే ముఠాకూ తేడా ఉంది. ఆ తేడా చూడకుండా అందరినీ తరిమితే అడవికి కాపలా కాసే కళ్లే లేకుండా పోతాయి. నల్లమలలో ఏ చెట్టు ఎక్కడుందో, ఏ తొర్రలో ఏముందో చెంచులకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? గిరిజన సంక్షేమ హాస్టళ్లలో చదివే చెంచు మిత్రులు రేపు ఫారెస్టు ఆఫీసర్లు అయితే ఈ సాలీడుకు అంతకన్నా పెద్ద అండ ఉండదని మా నమ్మకం.

రెండో ముప్పు వేరే రకం. విదేశాల్లో సాలీళ్లను కుక్కపిల్లల్లాగా పెంచుకునేవాళ్లు ఉన్నారు. గాజుపెట్టెలో మట్టి, బెరడు ముక్క వేసి, వారానికోసారి పురుగులు వేస్తారు. నీలి సాలీడు మళ్లీ దొరికిందనగానే వాళ్ల కళ్లు దానిమీద పడ్డాయి. మొదట్లో ఒక్కోటి వందల డాలర్లు పలికింది. 'గుత్తి సఫైర్' అని దానికి వ్యాపారం పేరు కూడా పెట్టారు, అంటే గుత్తి నీలమణి. నూరు చదరపు కిలోమీటర్లలో ఉన్న ప్రాణిని నాలుగు డబ్బాల్లో పట్టుకుపోయినా అక్కడ లోటు తెలుస్తుంది. పైగా పట్టుకోవడానికి తొర్రలు పగలగొట్టేవాళ్లూ ఉంటారు. ఇల్లూ పోతుంది, ఇంటివాడూ పోతాడు. 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ దేశాల సమావేశంలో పొయిసిలోథీరియా జాతులన్నిటినీ రెండో అనుబంధంలో చేర్చారు. అంటే ఇకమీదట ప్రభుత్వ అనుమతిపత్రం లేకుండా వీటిని దేశం దాటించకూడదు. మన వన్యప్రాణి రక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణలో ఆ ఒప్పందంలోని జీవులకు విడిగా ఒక షెడ్యూలు పెట్టారు.

ఇక్కడ ఒక వాదం ఉంది. ఈ సాలీడు ఇప్పుడు యూరపులో, అమెరికాలో పెంపకందారుల దగ్గర బాగా పిల్లలు పెడుతోంది, ధర కూడా తగ్గింది. మరి అంతరించిపోతుందని భయమెందుకు, అడవిలో పోయినా పెట్టెల్లో ఉంటుంది కదా అంటారు. ఈ మాట మొదట విన్నప్పుడు సబబుగానే అనిపిస్తుంది. దీనికి జవాబు వెతికితే మాకు ఎక్కడో పసిఫిక్ సముద్రంలోని దీవుల్లో దొరికింది. అది నత్తల కథ.

తాహితి, మూరియా అని ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న దీవులు. అక్కడి అడవుల్లో పార్ట్యులా అనే చిన్న చెట్టునత్తలు ఉండేవి. గోరంత నత్తలు, గుడ్డు పెట్టకుండా పిల్లనే కంటాయి. ఒక్కో దీవికి, ఒక్కో లోయకు దాని సొంత నత్త ఉండేది. 1967లో ఎవరో తినడానికని ఆఫ్రికా పెద్దనత్తను తాహితికి తెచ్చారు. అది తోటల్లోకి పారిపోయి పంటలు మేసేసింది. ఈ ఆఫ్రికా నత్త మన దేశానికి 1847లోనే కలకత్తాకు వచ్చింది, ఈనాటికీ కేరళ రైతులను ఏడిపిస్తూనే ఉంది. దాన్ని అణచడానికి తాహితిలో 1974లో, మూరియాలో 1977లో ఫ్లోరిడా నుంచి తోడేలు నత్తను తెచ్చి వదిలారు. నత్తలను తినే నత్త అది. ఎలుకల కోసం పిల్లిని తెస్తే అది పాలకుండ మీద పడ్డట్టు, తోడేలు నత్త పెద్దనత్తను వదిలేసి గోరంత పార్ట్యులాల మీద పడింది. పదేళ్లు తిరిగేసరికి, 1987 నాటికి, మూరియా అడవిలో ఒక్క పార్ట్యులా మిగలలేదు.

పూర్తిగా పోకముందే కొన్నిటిని ఏరి తెచ్చి లండన్, ఎడిన్‌బరో లాంటి చోట్ల జంతుప్రదర్శనశాలల్లో పెట్టారు. మన పోకాక్ గుర్తున్నాడు కదా? ఆయన 1904 నుంచి అదే లండన్ జూకు పర్యవేక్షకుడు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, గుత్తి సాలీడుకు పేరు పెట్టిన మనిషి తిరిగిన ఆవరణలోనే, ప్లాస్టిక్ డబ్బాల్లో ఈ నత్తల ప్రాణాలు నిలబెట్టారు. అందులోనూ దెబ్బలు తగిలాయి. పార్ట్యులా టర్జిడా అనే జాతి వందల సంఖ్యలో ఉండి కూడా ఒక పరాన్నజీవి సోకి వరుసగా చచ్చిపోయి, 1996 జనవరిలో చివరిదీ పోయింది. డబ్బాలో ఉంది కదా అనే ధీమా ఎంత గట్టిదో ఆ ఒక్క నత్త చెబుతుంది. మిగిలిన జాతులకు ఏ పిల్ల ఏ తల్లిదో, ఏ లోయదో లెక్కలు రాస్తూ, తరతరాలుగా సాకారు. 2015 నుంచి తిరిగి దీవుల అడవిలో వదలడం మొదలుపెట్టారు. వదిలే ప్రతి నత్త గుల్ల మీద ఒక రంగు చుక్క పెడతారు. రాత్రిపూట ప్రత్యేకమైన టార్చి వేస్తే ఆ చుక్క మెరుస్తుంది. 2024లో మూరియాలో చుక్క లేని పెద్ద నత్తలు కనిపించాయి. చుక్క లేదంటే అడవిలోనే పుట్టి పెరిగాయన్నమాట! పార్ట్యులా టోహివియానా అనే ఆ జాతి 'అడవిలో లేదు' అనే మెట్టు నుంచి 'ప్రమాదం అతి తీవ్రం' అనే మెట్టుకు దిగివచ్చింది. నలభై ఏళ్ల చాకిరీ చేసి ఆ నత్త చేరుకున్నది, మన సాలీడు ఈరోజు నిలబడి ఉన్న మెట్టుకే.

ఈ తేడా చూడండి. నత్తలను సాకినవాళ్ల దగ్గర లెక్కలు ఉన్నాయి, తిరిగి అడవికి పంపాలనే ఉద్దేశం ఉంది. గాజుపెట్టెల్లోని నీలి సాలీళ్లు ఏ చెట్టు నుంచి వచ్చిన సంతానమో రాసి పెట్టుకున్నవాళ్లు అరుదు. కొద్దిపాటి సాలీళ్ల నుంచే అన్నీ పుట్టాయి కాబట్టి మేనరికం మీద మేనరికం. కొందరి దగ్గర వేరే జాతులతో కలిసిపోయే ప్రమాదమూ ఉంది. నల్లమలకు తిరిగి తేవాలన్నది వాళ్ల ఉద్దేశమే కాదు. ఒకవేళ తెచ్చినా తొర్ర మాను లేని అడవిలో ఎక్కడ వదులుతారు? మూరియాలో నత్తలు పోయినా చెట్లు ఉన్నాయి. ఇక్కడ సాలీడు ఉండగానే చెట్లు పోతున్నాయి.

మన ప్రాంతంలో అపురూప జీవుల కోసం ఏమీ జరగలేదని కాదు. కడప జిల్లా లంకమల అడవిలో కలివికోడి 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకుంటే 1986లో దొరికింది. దొరికింది కూడా ఆ పిట్టను ఎరిగిన పక్క ఊరి మనుషుల సాయంతోనే. దానికోసం లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చవలసి వచ్చింది. నందికొట్కూరు దగ్గర రోళ్లపాడులో బట్టమేక పిట్టకు 1988లో అభయారణ్యం ఇచ్చారు. అయితే బోర్డు ఉంది కానీ ఈమధ్య ఏళ్లలో పిట్ట కనబడటమే అపురూపమైపోయింది. సాలీడు పేరిట మాత్రం ఏ అభయారణ్యమూ లేదు. పక్షికి పాట ఉంది, పులికి ఠీవి ఉంది, ఎనిమిది కాళ్ల ప్రాణికి ఎవరు వకాల్తా పుచ్చుకుంటారు? మా ఉద్దేశంలో దీనికి కంచెలు, కోట్ల రూపాయలు అక్కరలేదు. ఆ నూరు చదరపు కిలోమీటర్లలో తొర్ర ఉన్న మానులను లెక్కపెట్టి, వాటికి గుర్తు పెట్టి, వాటి జోలికి పోకుండా చూడాలి. ఎండి మోడైన మానును కూడా పడేదాకా నిలబడనివ్వాలి. ఆ పని పక్క ఊళ్లవాళ్లకే కూలి ఇచ్చి చేయించాలి. కట్టెలు ఏరినందుకు వచ్చే డబ్బు కన్నా చెట్టును కాచినందుకు వచ్చేది నాలుగు రూపాయలు ఎక్కువ ఉంటే చాలు.

డోన్‌లో రైలెక్కి గిద్దలూరు వైపు పోయేవాళ్లు బేతంచెర్ల నాపరాళ్ల గుట్టలు, పాణ్యం, నంద్యాల దాటాక కిటికీ దగ్గర కూర్చోండి. గాజులపల్లి తర్వాత కొండలు దగ్గరికి వస్తాయి, చెలమ, దిగువమెట్ట దాకా రెండు పక్కలా అడవే. సాలీడు మీకు కనబడదు, పగలు అది బయటికి రాదు. తొర్ర ఉన్న మానులు మాత్రం కనబడతాయి. ఆ ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసే అన్నలకు, కట్టెల లోడులోనో, కూలిన చెట్టులోనో ఇలాంటి నీలి సాలీడు కంటబడితే చేత్తో తాకవద్దు, చంపవద్దు, డబ్బాలో వేయవద్దు. ఫోటో తీసుకోవచ్చు. కానీ ఏ చెట్టు, ఏ వాగు పక్కన అని వివరం రాసి ఫోన్లలో అందరికీ పంపవద్దు, పట్టుకుపోయేవాళ్లు చూసేది ఆ వివరం కోసమే. దగ్గరలోని అటవీశాఖ రేంజి ఆఫీసులో చెప్పండి. వీలైతే మాకు కూడా హాస్టల్ చిరునామాకు ఒక కార్డుముక్క రాయండి.